ఏమో అని రాసిన క్యాసెట్

గురువారం సాయంత్రం ఖరగ్‌పూర్ రేకుల చర్చిలో పాటల అభ్యాసం సగంలో ఉండగా ఆర్థర్‌గారు లోపలికి వచ్చారు. ఆయన రిటైరైన రైల్వే గార్డు, సంఘానికి పెద్ద. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చేతికర్ర గోడకు ఆనించి, ఆడపిల్లల వరస వైపు చూశారు.

"సూసన్నా, ఓపాలి లేచి నిలబడమ్మా."

సూసన్న నిలబడింది. జ్ఞానప్రకాశం హార్మోనియం మెట్ల మీంచి వేళ్లు తియ్యలేదు. గాలి అయిపోయేదాకా ఒక స్వరం సన్నగా సాగి ఆగిపోయింది. నిలబడినది అతని కూతురే. పంతొమ్మిదేళ్లది. ఖరిదా బజారులో పాటలు క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చే షాపులో పని చేస్తుంది.

"నీ సంచీలో ఓ క్యాసెట్టు ఉంటాదట. ఏటది?"

"పాటలండి."

"దేవుడి పాటలా?"

"కాదండి. ఇంగ్లీషు పాటలు."

"మా కుర్రోడు తిమోతి మీ షాపు ముందు నిలబడి ఇన్నాడు. ఎవడో దెయ్యం పట్టినోడిలాగ అరుస్తన్నాడట. మీ నాన్న కొయిర్ మాస్టరు. మీ అమ్మ ఎలాటి బక్తురాలు! ఆ ఇంట పుట్టిన ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఆ అరుపులు?"

సూసన్న తల దించుకోలేదు. ఎదురుగా ఉన్న కిటికీ ఊచల్ని చూస్తూ నిలబడింది. పాడేవాళ్లు పన్నెండుమందీ జ్ఞానప్రకాశం వైపు తిరిగారు. తండ్రి కనక ఏదో ఒకటి అనాలి. కోప్పడాలి, లేకపోతే అడ్డు పడాలి. రెండింటిలో ఏదీ అతనికి రాలేదు. మొన్నటి వానకు గోడ మీద సున్నం పెచ్చు ఊడి ఉంది. కొంతసేపు దాన్ని చూశాడు.

"రెండో చరణం," అన్నాడు చివరకు. "ఎత్తుకోండి."

సూసన్న కూర్చుని అందరితోపాటు పెదాలు కదిలించింది. ఆ నలుగురు ఆడపిల్లల్లో ఎవరి గొంతు లేదో జ్ఞానప్రకాశానికి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. జూలై నుంచి ఆమె గొంతు లేదు. ఎందుకు పాడటం లేదని అతను ఒక్కసారి కూడా అడగలేదు.

అభ్యాసం అయ్యాక ఆర్థర్‌గారు అతన్ని సైకిళ్ల దగ్గర ఆపారు.

"ఆదివారం ఉజ్జీవ కూడికలు ఆకరి రోజు. పిల్లలు సినిమా క్యాసెట్లు, పుస్తకాలు అన్నీ తెస్తన్నారు. బయట డ్రమ్ము పెట్టి కాల్చేద్దాం. ముందు నీ కూతురు వెయ్యాల. మాస్టరు పిల్లే వేస్తే మిగతావోళ్లు వేస్తారు. తరవాత నువ్వు సాక్ష్యం సెప్పు, ప్రకాశం. మీ ఆవిడ కృపమ్మ పోయినప్పుడు సెప్పినావే, కన్నీటి సుక్క రాకుండా! ఆ సాక్ష్యం ఇప్పటికీ మనోళ్లు సెప్పుకుంటన్నారు."

"అలగేనండి," అన్నాడు జ్ఞానప్రకాశం.

ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని క్వార్టర్స్ దాకా తండ్రీకూతుళ్లు సైకిలు నడిపించుకుంటూ వెళ్లారు. దారిలో సూసన్న ఒకే మాట అంది.

"ఉప్పు అయిపోనాది, నాన్నా."

ఆగి ఉప్పు ప్యాకెట్టు కొన్నారు.

*

శుక్రవారం ఉదయం ఆరుగంటల డ్యూటీ. జ్ఞానప్రకాశం క్యారేజి ఫిట్టరు. పొడుగు కర్ర సుత్తి పట్టుకుని బండి పొడుగునా రాళ్ల మీద నడుస్తూ చక్రం చక్రానికీ ఒక దెబ్బ వేసుకుంటూ పోవాలి. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. లోపల బీట పడితే మట్టికుండను కొట్టినట్టు పలుకుతుంది. దెబ్బ వేస్తూనే ఎడమచేతి వెనక వైపు ఆక్సిల్ బాక్సుకు తాకించి వేడి చూడాలి. బ్రేకు దిమ్మలు అరిగాయేమో వంగి చూడాలి. ఇరవై ఆరేళ్లుగా అతని నడుముకూ చేతికీ ఆ లెక్క తెలుసు.

ఆ రోజు గూడ్సు బండిలో తొమ్మిదో వ్యాగన్ దగ్గర సుత్తి ఆగింది. ఇంకోసారి కొట్టాడు. మూడోసారి చెవి దగ్గరపెట్టి కొట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, మరమ్మతుకు తప్పించమని వ్యాగన్ మీద 'సిక్' అని గుర్తు వేశాడు.

పరీక్ష చేసే ఇన్‌స్పెక్టరు వెంకటరావు టార్చి వేసి చూసి, "నాకేటీ కనపడ్డం నేదయ్యా," అన్నాడు.

"కనపడదండి. ఇంటే తెలుస్తాది."

"నీ సెవి సెవి కాదు. గుండె కూడా అలాటిదే. మట్టి సేసిన మూడోనాడే డ్యూటీకి వొచ్చినావు. నేనైతే నెల్లాళ్లు మంచం దిగను."

"లీవు అయిపోనాది," అన్నాడు జ్ఞానప్రకాశం, సుద్దముక్క జేబులో పెట్టుకుంటూ. అబద్ధం కాదు. లీవు నిజంగానే అయిపోయింది.

రెండు గంటలకు ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, సూసన్న మూసిపెట్టిన అన్నం తిన్నాడు. ఆమె షాపు నుంచి ఏడింటికి గాని రాదు. కుట్టుమిషను మీద ఆమె పుస్తకాల సంచీ ఉంది. అందులో చెయ్యి పెట్టడం అతనికి కొత్త. క్యాసెట్టు వెంటనే దొరికింది. అట్ట మీద ఇంగ్లీషులో ఈ, ఎమ్, ఓ అని మూడే అక్షరాలు, సూసన్న దస్తూరీ. ఏమో అని చదువుకున్నాడు. పేరు తెలియక అలా రాసుకుందేమో అనుకున్నాడు. అట్ట లోపలి వైపు పెన్సిలుతో 'లక్ష్మీపతి' అని, ఇంజనీరింగు విద్యాసంస్థ హాస్టలు గది నంబరూ రాసి ఉన్నాయి.

టేపురికార్డరు తువ్వాలుతో తుడిచి, క్యాసెట్టు పెట్టి నొక్కాడు.

ముందు గిటారు, ఒకటే తీగ. దాని వెనక ఎవరో మగమనిషి మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు. ఇంగ్లీషే గాని ఒక్క ముక్క పట్టుబడలేదు. ఉన్నట్టుండి డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. మనిషి అరిచాడు. జ్ఞానప్రకాశం చెయ్యి బటన్ మీదికి వెళ్లి ఆగింది. గొంతు శ్రుతిలో లేదు. మాట మధ్యలో ఊపిరి తీస్తున్నాడు. పై స్వరం అందుకోబోయి అందక, జీర వచ్చి, అయినా వదలడం లేదు. కొయిర్లో ఎవరైనా ఇలా పాడితే ఆపి మళ్లీ పాడించేవాడు. ఇతన్ని ఎవరూ ఆపలేదు. అరుపు తగ్గి తగ్గి చివరకు వెక్కిళ్లు మాత్రమే మిగిలాయి. డ్రమ్ములు వాయించేవాడు కూడా వాయించడం మానేశాడు.

జ్ఞానప్రకాశం ఆ పాట మూడుసార్లు విన్నాడు. తనకు ఏమన్నా అవుతుందేమోనని చూశాడు. ఏమీ కాలేదు. క్యాసెట్టు తీసి సంచీలో పెట్టి, కంచం కడిగి, మంచం మీద పడుకుని పైకప్పు చూశాడు.

*

శనివారం డ్యూటీ దిగి ఇంటికి వెళ్లకుండా సైకిలు ఆ హాస్టలు వైపు తిప్పాడు. గేటు దగ్గర కాపలా ఉన్న దాదాకు బెంగాలీలో చెప్పి, రెండో అంతస్తు ఎక్కాడు. లక్ష్మీపతి తలుపు తీశాడు. సన్నగా పొడుగ్గా, గడ్డం గీసుకోని కుర్రవాడు. తెనాలి వైపు వాడు. నూనె మరకల ఖాకీ చొక్కా చూసి మొదట కంగారు పడ్డాడు, సూసన్న నాన్ననని చెప్పాక ఇంకా ఎక్కువ పడ్డాడు.

"రండి, కూర్చోండి. నేను మీ అమ్మాయితో... షాపులో క్యాసెట్ కాపీ చేయించుకోవడానికి వెళ్లానండి, అంతే."

"దానికి రాలేదు బాబూ," అన్నాడు జ్ఞానప్రకాశం కుర్చీ అంచున కూర్చుని. "ఆ పాటలు ఇన్నాను. నాకు ఇంగ్లీషు తక్కువ. దాని మీద ఏమో అని రాసింది. ఏమో అంటే ఏటి?"

లక్ష్మీపతికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. "ఏమో కాదండి. ఈమో. ఇమోషన్ అనే మాటలో ముందు ముక్క."

అతను మంచం కింద నుంచి ఒక అట్టపెట్టె లాగాడు. దాన్నిండా ఉత్తరాలు, జిరాక్సు కాగితాలు స్టేపిల్ చేసిన చిన్న చిన్న పుస్తకాలు. వాషింగ్టన్‌లో అతనికి ఒక కలం స్నేహితుడు ఉన్నాడు. క్యాసెట్లు వాడే పంపుతాడు.

"తొమ్మిది పదేళ్ల కిందండి. ఆ ఊళ్లో కుర్రాళ్లు మహా స్పీడుగా, మహా గట్టిగా వాయించే పాటలు ఉండేవి. అంతా కోపమే. గవర్నమెంటు మీద, పోలీసుల మీద. పాట మొదలైతే చాలు, వినేవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి గుద్దుకునేవాళ్లట. రాన్రానూ పాట కోసం వచ్చేవాళ్లు తగ్గి, కొట్లాట కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. పాడేవాళ్లలో కొంతమందికి విసుగొచ్చింది. అవే డ్రమ్ములు, అదే అరుపు. కానీ ఎవరినో తిట్టడం మానేసి తమ సంగతే పాడటం మొదలెట్టారు. స్నేహితుడు దూరమయ్యాడు, నాన్న పోయాడు, నాకు భయంగా ఉంది, ఇలాంటివి. పాడుతూ పాడుతూ స్టేజీ మీదే ఏడ్చేసేవాళ్లట."

"మొగోళ్లే?"

"మగవాళ్లేనండి."

"జనం నవ్వరా?"

"జనం కూడా ఏడ్చేవాళ్లట. బయటివాళ్లు నవ్వారు. ఈ పేరు కూడా అలా వెటకారానికి అంటుకుందే అంటాడు మా వాడు. పాడేవాళ్లకి ఆ పేరంటే ఒళ్లు మంట. పాటన్నాక మనసు లేకుండా ఉంటుందా, మా ఒక్కళ్లకే ఎందుకు ఆ పేరు అని. ఆ బ్యాండ్లు ఏడాదో రెండేళ్లో ఉండి విడిపోయాయి. క్యాసెట్లు మాత్రం చేతులు మారి ఊళ్లకి ఊళ్లు పాకాయి. ఇప్పుడు చిన్న చిన్న ఊళ్లలో కూడా పాడుతున్నారు. ఇళ్ల కింద గదుల్లో, చర్చి హాళ్లలో."

"సర్చి హాళ్లోనా?"

"తక్కువ అద్దెకి దొరుకుతాయి కదండీ."

జ్ఞానప్రకాశం ఒక జిరాక్సు పుస్తకం తిరగేశాడు. మసిబారిన ఫోటోలో ఒక కుర్రవాడు మైకు పట్టుకుని నేల మీద మోకాళ్ల మీద ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అతని భుజాల మీద చేతులు వేశారు. ప్రార్థన కూడికలో అయితే దాన్ని వేరే పేరుతో పిలుస్తారు అనిపించింది.

"మొదటి పాటలో ఏటంటాడు?"

లక్ష్మీపతి కొంచెం ఆలోచించి, ఒక్కో వాక్యం ఆగి ఆగి తెలుగులో చెప్పాడు. "నువ్వు తాగిన గిన్నె కడిగి బోర్లించాను. అది ఆరిపోయింది. నాకేమీ అనిపించలేదు. పొద్దున లేచి పనికి వెళ్లాను. నాకేమీ అనిపించలేదు. అందరూ గట్టివాణ్ణన్నారు... అక్కడి నుంచే అరవడం మొదలెడతాడు. ఆ తరువాత మాటలు ఉండవండి."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. జ్ఞానప్రకాశం పుస్తకం జాగ్రత్తగా మూసి అట్టపెట్టెలో పెట్టాడు.

"మా అమ్మాయి కూడా అర్థం అడిగిందా?"

"ఈ ఒక్క పాటకే అడిగారు. అర్థం చెప్పాక ఇంకోటి అడిగారు." లక్ష్మీపతి గడ్డం గోక్కున్నాడు. "అతను ఏడుస్తుంటే పక్కనున్నవాళ్లు ఎవరూ వద్దనలేదా అని. లేదన్నాను. అయితే నాకో కాపీ కావాలన్నారు."

జ్ఞానప్రకాశం లేచి నిలబడ్డాడు. "నువ్వెందుకు ఇంటావు బాబూ ఇయ్యి?"

"ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది నేను ఎవరితోనూ మాట్లాడలేదండి," అన్నాడు లక్ష్మీపతి. మెట్ల దాకా వచ్చి దిగబెట్టాడు.

ఆ సాయంత్రం సూసన్న ఇంటికి వచ్చి, సంచీలోంచి క్యాసెట్టు తీసి వెలుగులోకి పట్టుకుని చూసింది. రోజంతా అదే పని కనక ఒక చూపు చాలు.

"రీలు మొదట్లో నేదు. నాన్నా, మీరు ఇన్నారా?"

"ఇన్నాను."

"ఎలగుంది?"

"సురుతి నేదు."

"నేదు," అని ఒప్పుకుంది సూసన్న. చిటికెనవేలు రంధ్రంలో పెట్టి రీలు మొదటికి తిప్పడం మొదలుపెట్టింది. ఆమె వేలు తిరుగుతున్నంతసేపూ జ్ఞానప్రకాశం ఒక మాట చెప్పాలనుకున్నాడు. రేపు అది ఎవరికీ ఇవ్వక్కర్లేదు అని. అంతే మాట. నోటి దాకా వచ్చింది.

"అన్నం పెట్టు," అన్నాడు.

*

ఆదివారం చర్చి ఆవరణ నిండిపోయింది. ఖరగ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలు సగం అక్కడే ఉన్నాయి. మెట్ల పక్కన ఇటుకల మీద నూనె డ్రమ్ము నిలబెట్టారు. ప్రసంగం అయ్యాక ఆర్థర్‌గారు మైకు తీసుకుని పిల్లల్ని పిలిచారు. అందరికన్నా ముందు సూసన్న పేరు పిలిచారు.

సూసన్న ఆడవాళ్ల మధ్య నుంచి లేచి, చాపలు తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చింది. షాపులో గిరాకీకి అందించినట్టే క్యాసెట్టును రెండు చేతులతో ఆర్థర్‌గారికి అందించింది. ఆయన దాన్ని పైకెత్తి అందరికీ చూపించారు. జనం స్తోత్రం అన్నారు. సూసన్న వెనక్కి వెళ్లి కూర్చుంది. ఆమె మొహంలో ఏమీ లేదు. కోపం లేదు, సిగ్గు లేదు. ఆ మొహం జ్ఞానప్రకాశానికి బాగా తెలుసు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసేదే.

తరువాత ఇంకో పదిమంది వచ్చారు. సినిమా క్యాసెట్లు, వారపత్రికలు, పేకముక్కలు. ఆర్థర్‌గారు మైకు జ్ఞానప్రకాశానికి ఇచ్చారు.

అతను హార్మోనియం పక్కన నిలబడ్డాడు. మైకు గుయ్యిమంది. కొంచెం దూరంగా పట్టుకున్నాడు.

"అందరికీ వందనాలు," అన్నాడు. "మా కృపమ్మ పోయినప్పుడు నాను ఏడవనేదు. మీరంతా అది విశ్వాసం అన్నారు. పాస్టరయ్యగారు ప్రసంగంలో కూడా సెప్పినారు. అది విశ్వాసం కాదండి. నాకేటీ తెలవనేదు. కాలు తిమ్మిరెక్కితే ఎలగుంటాది, అలగుండిపోనాను. ఇప్పటికీ అలగే ఉన్నాను. నా కూతురు సమాధి కాడ ఏడవబోతే సెయ్యి పట్టుకుని ఒద్దన్నాను. సాక్ష్యం పోద్దన్నాను. ఆ పిల్ల అప్పుడు మానేసింది. ఏడుపూ మానేసింది, పాటా మానేసింది."

జనంలో ఎవరో దగ్గారు. ఆర్థర్‌గారు ఒక అడుగు ముందుకు వేశారు.

"ఆ క్యాసెట్టు నానూ ఇన్నాను. అందులో దెయ్యం నేదు. ఎవరో మనిషి ఏడుస్తన్నాడు. పక్కనోళ్లు ఏడవనిచ్చినారు. అంతేనండి. అది నానే నా కూతురికి సెయ్యాల్సింది. సెయ్యనేదు."

ఇంకా ఏదో ఉందనుకుని ఆగాడు. లేదు. మైకు స్టాండుకు తగిలించి కూర్చున్నాడు.

ఎవరూ స్తోత్రం అనలేదు. ఆర్థర్‌గారు గబగబా ఆఖరి కీర్తన చెప్పారు. జ్ఞానప్రకాశం వాయించాడు, అందరూ పాడారు. ఆ తరువాత అనుకున్నట్టే డ్రమ్ములో కిరసనాయిలు పోసి ముట్టించారు. కాలిన ప్లాస్టిక్కు వాసన వచ్చింది. నల్లటి పొగ రేకుల మీదుగా లైను వైపు పోయింది. సూసన్న గేటు దగ్గర నిలబడి మంట వైపు కాకుండా తండ్రి వైపు చూస్తోంది.

ఆర్థర్‌గారు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు. "నువ్వు అలిసిపోనావు, ప్రకాశం. వొచ్చే వారం నుంచి హార్మోనియం తిమోతి సూసుకుంటాడు."

"అలగేనండి," అన్నాడు జ్ఞానప్రకాశం. పద్దెనిమిదేళ్లు వాయించిన పెట్టె మూతకు గుడ్డ కప్పి, నాలుగు మూలలూ సరిచేసి బయటికి వచ్చాడు.

*

సోమవారం అతనికి రెస్టు. సూసన్న షాపు పదింటికి. ఉదయం ఎనిమిదింటికి ఆమె వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. అతను సైకిలు తిరగేసి చైనుకు నూనె వేస్తున్నాడు. బయట కుళాయి దగ్గర క్వార్టర్స్ ఆడవాళ్ల బిందెల చప్పుడు.

"నాన్నా."

"ఊఁ."

"అమ్మ ఆకరికి ఏటన్నాది?"

అతను నూనె డబ్బా కింద పెట్టాడు. ఆ రోజు సూసన్న హాస్పిటల్లో లేదు. బట్టలు తెమ్మని తనే ఇంటికి పంపాడు. తిరిగి వచ్చేసరికి అయిపోయింది. సమాధి దగ్గర అందరికీ చెప్పినదే ఆమెకూ చెప్పాడు.

"మీరు సెప్పినారు, స్తోత్రం సెప్పుకుంటా కళ్లు మూసిందని," అంది సూసన్న. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. "అది నిజవేనా?"

జ్ఞానప్రకాశం చేతులు మసిగుడ్డకు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు.

"కాదు," అన్నాడు. "స్తోత్రం సెప్పనేదు. బయపడిపోనాది. నా సెయ్యి ఒగ్గనేదు. ప్రకాశం, నాకు బయమేస్తంది అన్నాది. సూసన్న వొచ్చిందా అని అడిగింది. వొస్తంది అన్నాను. మళ్లీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు..." అతని గొంతు మామూలుగానే ఉంది. డ్యూటీ రిపోర్టు చదువుతున్నట్టే ఉంది. "మూడోసారి అడిగినప్పుడు వొచ్చీసింది, ఇదిగో అన్నాను. అక్కడున్న ఆయా సెయ్యి తీసి మీ అమ్మ సేతిలో పెట్టినాను. నువ్వనుకుని పట్టుకున్నాది. అలగే పోనాది."

సూసన్న తన చేతిని చూసుకుంది. మొదట శబ్దం రాలేదు. నోరు తెరుచుకుంది, భుజాలు ముందుకు వంగాయి, చిక్కుడుకాయల చేట పక్కకు ఒరిగిపోయింది. తరువాత వచ్చింది. అది పాట కాదు, మాట కాదు. అమ్మా అన్న మాట అందులో ఎక్కడో ఉంది. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ అంత గట్టిగా శబ్దం చెయ్యలేదు. జ్ఞానప్రకాశం చెయ్యి అలవాటుగా లేచింది, ఊరుకోబెట్టడానికి. దాన్ని కిందకు దించుకున్నాడు. కూతురి పక్కన గడప మీద చోటు చేసుకుని కూర్చున్నాడు. ఆమె తల అతని మోకాలి మీద పడింది. అతను వద్దనలేదు.

బయట బిందెల చప్పుడు ఆగిపోయింది. ఎవరో పరిగెత్తుకొచ్చిన అడుగులు. తలుపు దబదబా కొట్టారు. అతను సూసన్న తల కింద తువ్వాలు పెట్టి, లేచి వెళ్లి గడియ తీశాడు. పక్క క్వార్టరు నూకాలమ్మ, చీర కుచ్చిళ్లు తడిసి, చేతులు నీళ్లు కారుతూ నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకా ముగ్గురు నలుగురు.

"ఏటైపోనాది బాబూ? ఎవులు పోయినారు?"

జ్ఞానప్రకాశం తలుపు రెక్క పట్టుకున్నాడు. ఆమె మొహం మసకగా కనిపించింది. కళ్లు నులుముకున్నాడు, అయినా మసకగానే ఉంది.

"కృపమ్మ," అన్నాడు. "మా కృపమ్మ పోనాది, నూకాలప్పా."

నూకాలమ్మ ఒక్క క్షణం అతన్ని చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.